పద్దెనిమిది నెలల గడువు

మూతికి కట్టుకున్న గుడ్డ విప్పి చూసినప్పుడు సుంకమ్మ అది ఆకువక్క మరక అనుకుంది. ఆ పొద్దు ఆకువక్క వేసుకోలేదని వెంటనే గుర్తొచ్చింది.

పత్తి గింజలు తీసే జిన్ను నడుస్తూ ఉంది. రేకుల షెడ్డులో రెండు వరసల మిషన్లు, వాటి ముందు పత్తి కుప్పలు, కుప్పకు ఇద్దరేసి ఆడవాళ్లు. గుడ్డికాయలు, ఎండాకు తునకలు, మరకపడిన పత్తి ఏరి పక్కన వేసి, మంచి పత్తిని మిషను నోటికి అందించాలి. గింజలు కిందికి రాలతాయి. దూది ముందుకు పొర్లుతుంది. నూగు మాత్రం ఎటూ పోదు. వెంట్రుకల మీద, కనుబొమల మీద, కమ్మల మీద కూర్చుంటుంది. మధ్యాహ్నానికి పదహారేళ్ల పిల్ల కూడా ముసలిదానిలా కనిపిస్తుంది. ఆదోనిలో పత్తి వచ్చే నాలుగు నెలలూ ఆ షెడ్డులో దగ్గని మనిషి ఉండదు. సుంకమ్మ తన దగ్గును ఎన్నడూ పట్టించుకోలేదు.

మరక వక్కపలుకంత ఉంది. అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. మళ్లీ దగ్గు వచ్చింది. ఈసారి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతిలో కూడా పడింది. చెయ్యి కుప్పలోకి దూర్చి పత్తితోనే తుడిచి, ఆ పత్తిని పిడికిట్లో పట్టుకుని ఎక్కడ పారేయాలో తెలియక అలాగే కూర్చుంది. తర్వాత గుడ్డను ఎరుపు లోపలికి పోయేలా మడిచింది. ఇంకోసారి మడిచింది. మూడో మడత వేస్తుంటే కుప్పకు అవతల ఉన్న హుసేనమ్మ చూసింది.

మధ్యాహ్నం సైరను కూసింది. ఆడవాళ్లు ప్రహరీగోడ నీడకు చేరి కొంగుల్లోని బెల్లం ముక్కలు విప్పారు. గొంతులో నూగు దిగడానికి బెల్లం తినాలని వాళ్ల నమ్మకం. హుసేనమ్మ వచ్చి సుంకమ్మ ముందర గొంతుక్కూర్చుంది.

"యాడ, సూపీ."

"ఏంది సూపేది?"

"ఆ గుడ్డ."

హుసేనమ్మది సుంకమ్మ వాళ్ల గేరిలోనే, అదే వీధిలో పక్క ఇల్లు. ఊళ్లోకి ఏ సినిమా వచ్చినా మొదటి వారంలోనే ఆడవాళ్ల నేలకు పోయి చూసి, మరుసటి వారమంతా జిన్నులో చెప్పే మనిషి. పోయిన నెల ఒక సినిమాకు సుంకమ్మనూ వెంటబెట్టుకుపోయింది. ఆ సినిమా అసలు పేరు ఎవరూ పలకరు. 'అక్క సచ్చిపోయే సినిమా' అంటే అందరికీ తెలుసు.

సుంకమ్మ మడతలు విప్పింది. హుసేనమ్మ చూసి చప్పున చెంపలు వేసుకుంది.

"ఇట్లనే గదే. ఆ యమ్మకు గూడా మొదట రొంతే పడ్తుంది. తెల్లగుడ్డలోన. మడిసి దాసిపెడ్తుంది. నువ్వూ అట్లనే మడిసినావు."

"నేను ఊరికే మడిసినా."

"ఆ యమ్మా ఊరికే మడిసింది."

సుంకమ్మ నోట్లో బెల్లం కరగలేదు. ఆ యమ్మ గుడ్డ మడిచింది ఇంటర్వెల్‌కు ముందు. ఇంటర్వెల్‌లో తాము మరమరాలు కొనుక్కున్నారు. అవి సగం తినేసరికి ఆ యమ్మ మంచం పట్టింది. పొట్లం అయిపోకముందే పోయింది. డాక్టరు మూన్నెల్లన్నా, నడుమ నిజంగా ఎన్ని దినాలు గడిచాయో సినిమాలో చెప్పలేదు. చెట్టు ఆకులు రాలడం చూపించారు, అంతే.

రక్తం మాట చెవిన పడి మేస్త్రీ శేషన్న వచ్చేసరికి ఆడవాళ్లంతా తమ బెల్లం ముక్కలను తమ వైపుకు జరుపుకున్నారు. అతను మూడు బారల దూరంలో ఆగి, కండువా ముక్కుకు పట్టుకున్నాడు.

"సుంకమ్మా, ఇంటికి పోమ్మా. రేపట్నుంచి రావొద్దు."

"ఎందుకన్నా?"

"జనం బెదుర్తాండారు."

"జనమంతా దగ్గుతారు గదన్నా."

"దగ్గనీ. దగ్గేది ఈడ మామూలే. రగతం కక్కితే ఎట్ల?" అన్నాడు శేషన్న. అంతకంటే గట్టిగా మాట్లాడటానికి అతనికీ భయంగానే ఉన్నట్టుంది. నేల చూస్తూ వెనక్కి తిరిగాడు. ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డులో నూగు మింగిన మనిషిని పంపేయడానికి అతనికి పట్టింది ఒక బెల్లం ముక్క తినేంత సేపు.

సినిమాలో ఆ యమ్మ సగం సినిమా దాకా రోగాన్ని ఎవరికీ తెలియనివ్వలేదు. సుంకమ్మకు సాయంత్రం దాకా కూడా కుదరలేదు. హుసేనమ్మ నాలుగిళ్లకు చెప్పింది. ఆ నాలుగిళ్లూ గేరి మొత్తానికి చెప్పాయి.

మొగుడు ఉరుకుందప్ప పత్తి బేళ్లు కట్టే ప్రెస్సులో పనిచేస్తాడు. రోజూ ఇంటికొస్తూనే చెంబుడు నీళ్లు తాగి, కూతురు ఈరిని భుజానికెత్తుకుని బయటికి పోయేవాడు. ఆ పొద్దు నీళ్లు అడగలేదు. గడప మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు పెట్టి, తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. సినిమాలో మొగుడు కూర్చున్నదీ అలాగే. ఉరుకుందప్ప ఆ సినిమా రెండుసార్లు చూశాడు.

"సుంకా," అన్నాడు.

పెళ్లయి తొమ్మిదేళ్లు. అతని నోట తన పేరు వినడం ఆమెకు అదే మొదలు. 'ఇదో' అనేవాడు, లేదంటే 'ఈరి అమ్మా' అనేవాడు.  అతను ఏడవడం మొదలుపెట్టాడు. అంత లావు మనిషి ఏడుస్తుంటే, తాను చచ్చిపోవడం నిజమేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

అత్త ఉచ్చీరమ్మ ఏడుస్తూనే అన్నం తినే తట్ట ఒకటి, లోటా ఒకటి వేరుగా తీసి గూట్లో పెట్టింది. ఈరిని పట్టుకుని తన వైపు లాక్కుంది. ఐదేళ్ల పిల్ల అమ్మ దగ్గరికి పోతానని గింజుకుంది.

"పోగూడదు. మీయమ్మకు బాగల్యా."

"యాడ బాగల్యా?"

"గమ్మునుండు."

మరుసటి పొద్దు ఇరుగుపొరుగు వచ్చారు. వచ్చినవాళ్లు గడప దాటలేదు. బయటే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. కమలాపండ్లు తెచ్చి గడప మీద పెట్టి పోయారు. నీళ్ల కుళాయి దగ్గర ఎప్పుడూ పోట్లాడే మద్దమ్మ కూడా వచ్చి, "నేనన్న మాటలు మనసులో పెట్టుకోగాకక్కా" అని కండ్లు తుడుచుకుంది. పన్నెండు కమలాపండ్లు అయ్యాయి. ఉచ్చీరమ్మ పొయ్యి ముట్టించి జొన్నరొట్టె చేసి, మెత్తటి భాగం తుంచి పాలలో నానబెట్టి ఇచ్చింది. తాను పండుకుని ఉంటే ఆ ఇంట్లో ఇంకొకరు పొయ్యి దగ్గర కూర్చోవడం సుంకమ్మ ఎన్నడూ చూడలేదు. భయం గొంతుదాకా ఉంది. ఆ భయం అడుగున ఎక్కడో చిన్న సుఖం కూడా ఉంది. దానికి ఆమె సిగ్గుపడింది.

ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలని తోచలేదు కూడా. ఆ యమ్మ మొగుడికి మేడ ఉంది, కారు ఉంది. అంత ఉండీ మందు దొరకలేదంటే ఆ రోగానికి మందు లేదనే కదా.

ఇక మిగిలింది ఈరి సంగతి. దానికి ఏం చేయాలో కూడా ఆ యమ్మే చూపించి పోయింది.

శనివారం పొద్దున సుంకమ్మ ఎమ్మిగనూరు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారంతా దగ్గును బిగబట్టుకుంది. మూడుసార్లు ఆపుకోలేక తల బయటికి పెట్టి దగ్గింది. పక్కన కూర్చున్నాయన "కడుపులో తిప్పుతాందా అమ్మా?" అని నిమ్మకాయ ఇచ్చాడు. తీసుకోవడానికి కూడా భయపడి, చెయ్యి కొంగులో చుట్టుకుని అందుకుంది.

చెల్లెలు శాంతమ్మ మేనమామ ఇంట్లో ఉంటుంది. పంతొమ్మిదేళ్లు. నేతవాళ్ల ఇంటి పంచలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతుంది. లోపల మూడు మగ్గాలు ఆడుతున్నాయి. శాంతమ్మ కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నూలు జారవిడుస్తూ అక్కను చూసింది. చక్రం ఆపలేదు.

"ఏందక్కా, చెప్పకుండొచ్చినావు?"

"నిన్ను పిల్సకపోదామని."

"యాటికి?"

"నేను సచ్చిపోతానే."

"ఎప్పుడు?" అంది శాంతమ్మ నవ్వుతూ.

సుంకమ్మ గుడ్డ విప్పి చూపింది. మొదటి రోజు గుడ్డనే ఉతక్కుండా తెచ్చింది. మరక నల్లగా మారి ఉంది. శాంతమ్మ దాన్ని చూసింది, అక్క మొహం చూసింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఆ సినిమా నేనూ సూసినా. ఆదోని కంటే ముందు ఈడికే వచ్చింది. ఇప్పుడు బావను నేను చేసుకోవల్లంటావా?"

"ఈరి కోసరం."

"ఈరిని నేను సాకుతా. దానికి తాళెందుకు?"

 సినిమాలో ఆ చెల్లెలు ఈ మాట అడగలేదు. తల వంచుకుని ఏడ్చింది, అంతే.

"బావ గురక పెడితే ఇంటి రేకులు అదుర్తాయంటివి. తొమ్మిదేండ్లు నువ్విని, ఇప్పుడు నాకు అంటగడ్తాండావా?"

"నవ్వులాట గాదే శాంతా..."

మాట పూర్తి కాలేదు. దారంతా ఆపుకున్న దగ్గు ఒక్కసారిగా వచ్చింది. సుంకమ్మ పంచ అంచుకు పోయి వంగింది. మట్టిలో ఎర్రగా పడింది. కాలితో మన్ను కప్పబోయింది.  వెనక నూలు తెగింది. శాంతమ్మ చక్రం ఆపేసింది. తెగిన కొసలు ముడి వేయలేదు. లేచి వచ్చి అక్క నడుము పట్టుకుంది. 

"సరేక్కా," అంది. "సరే. వస్తా పా. నువ్వు సెప్పినట్లే."

ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు గేరి అంతా చేరింది. ఎవరూ పిలవలేదు. సినిమాలోలాగే ఇవాళ సుంకమ్మ మొగుడికీ చెల్లెలికీ చేతులు కలుపుతుందని హుసేనమ్మకు తెలుసు, హుసేనమ్మకు తెలిస్తే అందరికీ తెలుసు. మంచాన్ని వాకిట్లోకి తెచ్చి వేశారు. సుంకమ్మ ఉతికిన చీర కట్టుకుని పండుకుంది. తల కింద ఎత్తుగా రెండు బొంతలు పెట్టింది హుసేనమ్మే. "ఆ యమ్మకు గూడా ఇట్లనే ఎత్తు పెట్టింటారు" అంది.

సుంకమ్మ మొగుడి చెయ్యి తీసుకుంది. ప్రెస్సు ఇనుప పట్టీలు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. చెల్లెలి చెయ్యి తీసుకుంది. నూలు ఒరుసుకుని చూపుడువేలి పక్క గీతపడిన చెయ్యి. ఒకదాన్ని ఇంకొకదానిలో పెట్టింది.

"ఈరిని సూసుకోండి," అంది.

ఆ మాటకు గేరి మొత్తం ఏడ్చింది. మద్దమ్మ గోడకు తల కొట్టుకుంది. ఉరుకుందప్ప భుజాలు అదిరాయి. సుంకమ్మ కండ్లు మూసుకుంది.  ప్రాణం పోయేది ఇప్పుడే అనుకుంది. ఎక్కడ మొదలవుతుందో, కాళ్లలోనో ఛాతీలోనో తెలియక, ఒళ్లంతా బిగపట్టుకుని కాచుకుంది.

ఏమీ కాలేదు.

కొంచెంసేపటికి ఒక కన్ను తెరిచి చూసింది. అందరూ తననే చూస్తున్నారు. మళ్లీ మూసుకుంది. ఒక ఈగ వచ్చి మూతి మీద వాలింది. తోలుకోవచ్చో లేదో తెలియక ఓర్చుకుంది. హుసేనమ్మ ఏడుపు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. ఎవరో ముక్కు చీదారు. ఎవరిదో ఇంట్లో అన్నం మాడుతున్న వాసన వస్తే ఒకామె గబగబా లేచి పోయింది. ఆమె వెనక ఇంకొకామె. ఉరుకుందప్ప, శాంతమ్మ చేతులు ఇంకా కలిసే ఉన్నాయి. వాటిని ఎప్పుడు విడదీయాలో వాళ్లిద్దరికీ తెలియలేదు. సినిమా అక్కడికి అయిపోయింది. తెల్లపరదా పడి, తలుపులు తెరిచి, జనం బయటికి పోతారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో చూసినవాళ్లు లేరు.

"నీళ్లు," అంది సుంకమ్మ చివరికి. ఆమెకు దాహమేసింది.

సాయంత్రం ఉచ్చీరమ్మ లెక్క వేయడం మొదలుపెట్టింది. ఆమెది చెడ్డ మనసు కాదు. ఇల్లు, పిల్ల, కొడుకు అన్నీ కలిపి ఆలోచిస్తుంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా శుభకార్యం చేయకూడదు. ఏడాది పాటు వయసొచ్చిన పిల్లను తాళి లేకుండా ఇంట్లో ఎలా పెట్టుకోవడం? గేరిలో నోళ్లు ఊరుకుంటాయా? అందుకని సుంకమ్మ ఉండగానే ఉరుకుంద ఊరి గుడికి పోయి, ఈరన్నసామి ముందర తాళి కట్టించుకురావాలి. అమావాస్య దాటితే మంచి దినాలున్నాయి. అప్పటిదాకా సుంకమ్మ ఉంటుందా అనేదే తేలాలి.

"ఆసుపత్రికి పోయి అడిగిరాండి," అంది. "ఎన్ని దినాలో డాక్టరుకు దెల్సు. సినిమాలోన మూన్నెల్లని సెప్పల్యా?"

ఆసుపత్రి మాట ఆ ఇంట్లో వినబడటం అదే మొదటిసారి. మందు కోసం ఎవరూ పంపలేదు. గడువు అడిగి రమ్మని పంపారు.

సోమవారం అక్కచెల్లెళ్లు పోయారు. చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నారు. లోపల డాక్టరు గొట్టం పెట్టి వీపంతా విన్నాడు. తర్వాత కండ్లద్దాలు తీశాడు. సుంకమ్మ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సినిమాలో డాక్టరు అద్దాలు తీశాడంటే ఇక మాట లేనట్టే. డాక్టరు చొక్కా కొసతో చెమట తుడుచుకుని, అద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఉమ్మి పరీక్ష, ఎక్స్‌రే" అని రాసి తర్వాతి మనిషిని పిలిచాడు.

చిన్న డబ్బీలో ఉమ్మి తీసుకున్నారు. చీకటి గదిలో చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు. ఊపిరి వదలమనడం మరిచిపోతారేమోనని ఆమె భయపడింది. బుధవారం రమ్మన్నారు.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఎదురుచూపు. కమలాపండ్లు అయిపోయాయి. కొత్తగా ఎవరూ తేలేదు. మద్దమ్మ కుళాయి దగ్గర శాంతమ్మ బిందెను పక్కకు నెట్టింది. శాంతమ్మ వంట చేసింది, ఈరికి జడ వేసింది. బావ ఇంటికొచ్చే వేళకు మాత్రం హుసేనమ్మ ఇంటికి పోయి కూర్చునేది. మంగళవారం సాయంత్రం ఉరుకుందప్ప నీళ్లు తాగుతూ చెంబు మీది నుంచి ఆమె పోయిన వైపు చూశాడు. చూసి, భార్య తనను చూడటం చూసి, తల తిప్పుకున్నాడు. మంచం మీది సుంకమ్మకు ఆ చూపు దగ్గు కంటే లోపల తగిలింది. తానే కలిపిన చేతులు. ఎవర్ని అనాలి?

బుధవారం ఆసుపత్రిలో చివరి గదికి పొమ్మన్నారు. అక్కడ వెంకోబారావు అనే ముసలాయన బల్ల వెనక కూర్చుని పసుపురంగు కార్డులు రాస్తున్నాడు. నుదుట మాధ్వులు పెట్టుకునే నల్లటి అంగారం గీత, కింద అక్షింత చుక్క. అతను సుంకమ్మ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, కార్డు మీద పేరు, గేరి, మొగుడి పేరు రాసుకున్నాడు.

"పద్దెనిమిది నెలలమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

శాంతమ్మ గోడకు ఆనుకుని వెక్కడం మొదలుపెట్టింది. సుంకమ్మ ఏడవలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. వచ్చే దసరా ఉంటుంది. ఆ పై దసరాకు ఉండదు. ఈరికి ఏడేండ్లు నిండడం చూడదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఒగ దినం ఎక్కువ గూడా రాదాప్పా?" అంది.

"ఒక దినం ఎక్కువ అక్కరలేదు. ఒక దినం తక్కువ మాత్రం కాకూడదు. మొదట తొంభై దినాలు రోజూ సూది. మాత్రలు మాత్రం పద్దెనిమిది నెలలూ."

"ఆ తర్వాతప్పా?"

"ఆ తర్వాతేముంది? నీ పని నువ్వు చేసుకుంటావు. ఆ జిన్ను మాత్రం వద్దు, ఇంకేదైనా చూసుకో."

సుంకమ్మకు అర్థం కాలేదు. శాంతమ్మ వెక్కిళ్లు ఆగాయి.

"పద్దెనిమిది నెలలకు మాయక్క సచ్చిపోదా సామీ?"

వెంకోబారావు కలం కింద పెట్టాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు.

"మీరూ ఆ సినిమా చూసినారా?" అన్నాడు. "ఈ నెలలో మీరు ఐదోవాళ్లు. ఒకాయన అప్పటికే భూమి తమ్ముని పేర రాసిచ్చి వచ్చినాడు. అమ్మా, విను. క్షయకు మందు ఉంది. ఇరవై ముప్పై ఏండ్ల నుంచి ఉంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించల్ల, పిల్లను తప్పకుండా తీసుకురా. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకో. రెండు నెలలకు ఒళ్లు బాగైనట్టుంటుంది, అప్పుడు చాలామంది మానేస్తారు. మానితే మాత్రం నువ్వు చూసిన సినిమానే."

బయటికొచ్చాక శాంతమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కండ్లు తుడుచుకుంది. "యక్కా, నేను ఎమ్మిగనూరుకు పోతాండానే," అని దారిలో పోయే మేకలకు కూడా వినబడేలా అంది.

సుంకమ్మ రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుంది. మొహంలో నవ్వు లేదు.

"ఏందక్కా?"

"ఇంటికి పోయి ఏమని సెప్పేదే?"

"సావనని సెప్పు."

"అందరూ అంతంత ఏడ్సినారు గదే," అంది సుంకమ్మ. "మద్దమ్మ తల కొట్టుకునె. పన్నెండు పండ్లు తింటి. ఆయప్ప పేరు పెట్టి పిలిచె. ఇప్పుడు పోయి, నేను సావను, తొంభై దినాలు సూదులేయించుకుంటా, నన్ను సాకండి అంటే..."

చచ్చిపోతానని చెప్పడానికి ఆమెకు ఇంత భయం కాలేదు. అప్పుడు ఎవరికేం చెయ్యాలో అందరికీ తెలుసు. చావనని చెప్పిన మనిషిని ఏం చేస్తారు?

ఇంట్లో శాంతమ్మే చెప్పింది. సుంకమ్మ గడప దగ్గరే నిలబడింది. ఉచ్చీరమ్మ మొత్తం విని, చేతిలోని చేటను పక్కన పెట్టి, కోడలి వైపు మునుపటి కంటే జాలిగా చూసింది.

"డాక్టర్లు అట్లనే సెప్తారు పాపా," అంది. "సినిమాలోన గూడా అంతే గదా. ఆ యమ్మ ముందర 'నీకేం ల్యామ్మా, మాత్రలు మింగు' అంటాడు. అవతలికి పోయి మొగునితో నిజం సెప్తాడు."

 అప్పుడే వచ్చిన హుసేనమ్మ గుమ్మం బయటి నుంచి, "అవును, వరండాలోన సెప్తాడు," అంది.

 మధ్యాహ్నం నుంచి సుంకమ్మ కాళ్ల కింద దొరికిన నేల కాస్తా కదిలింది. నిజమే. ఆ యమ్మ కూడా నమ్మింది. మాత్ర నోట్లో వేసుకుని నవ్వింది. ఆ ముసలాయన మెత్తగా ఎందుకు మాట్లాడాడు? రోగి ముందర నిజం ఎవరు చెబుతారు?

"మొగోడు పోయి అడగల్ల," అంది ఉచ్చీరమ్మ. "రేపు నువ్వు పోరా."

ఉరుకుందప్ప సరేనన్నాడు. అందరూ లోపలికి పోయాక భార్య దగ్గరికి వచ్చాడు. కాలి బొటనవేలితో నేల గీశాడు.

"నిజంగానే సావవా?" అన్నాడు.

అతని గొంతులో భయం ఉంది. చస్తుందని భయమో, చావదని భయమో ఆమెకు తేలలేదు. అతనికి కూడా తేలలేదేమో.

గురువారం ముగ్గురూ పోయారు. శాంతమ్మ తన బట్టల మూటను చంకన పెట్టుకునే వచ్చింది. ఉరుకుందప్ప చివరి గదిలోకి పోయాడు. సుంకమ్మ వరండాలో సూదుల వరసలో నిలబడింది. ముందర ఇరవైమంది దాకా ఉన్నారు. టోపీ పెట్టుకున్న ముసలాయన, కడుపుతో ఉన్న పిల్ల, తనలాగే వెంట్రుకల్లో నూగు ఉన్న ఒక మనిషి. దగ్గుతున్నారు, బీడీ కోసం పోట్లాడుకుంటున్నారు, నిన్నటి పాలకోవా బాగాలేదని చెప్పుకుంటున్నారు. ఒకామె రెండు పక్కలా సూదులు పడి కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడే అన్నం తింటోంది.

సుంకమ్మ గది తలుపు వైపే చూస్తోంది. లోపల వెంకోబారావు చేతులు ఆడుతున్నాయి. మొగుడి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు వంగితే తన పని అయినట్టే. వరస ముందుకు జరిగింది, ఆమె జరగలేదు. వెనకామె నెట్టింది.

"పోమ్మే, నిద్రపోతాండావా?"

ఉరుకుందప్ప బయటికొచ్చాడు. మొహంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. తిట్లు తిన్నవాడిలా చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఏమన్న్యాడు?"

"నీకు సెప్పిందే నాకూ సెప్పినాడు. రెండుసార్లు అడిగినా. మూడోసారికి తిట్టినాడు." గొంతు తగ్గించాడు. "నాకూ పరీక్ష చేయించుకోమన్న్యాడు. నేనూ దగ్గుతా గదా."

ఆ మాట అంటూ భార్యకు ఒక అడుగు దగ్గరగా జరిగాడు. భయపడిన మనిషి జరిగినట్టే జరిగాడు. తర్వాత శాంతమ్మ చంకలోని మూట వైపు చూశాడు.

"శాంతను బస్సెక్కించొస్తా."

"నువ్వు ఉమ్మి డబ్బీ తీసుకో," అంది సుంకమ్మ. "దాన్ని నేనెక్కిస్తా. సూది అయినంక."

అతను తల ఊపి పోయాడు. శాంతమ్మ మూటను నేల మీద పెట్టి, దాని మీదే కూర్చుంది.

వరస తరిగింది. నర్సమ్మ మరిగే నీళ్లలోంచి సూదిని చిమటాతో తీసి, గాజుగొట్టానికి బిగించి, మందు పైకి లాగింది. సుంకమ్మ సూది పొడుగు చూసింది.

"చానా నొస్తుందామ్మా?"

"నొస్తుంది," అంది నర్సమ్మ. "తిరిగి గోడ పట్టుకో."

సుంకమ్మ తిరిగి గోడ పట్టుకుంది.